హృదయ కవాటములు – హృద్ధమనులు

(ఉగాది ఉత్సవ సందర్భమున సంఘ సభ్యుల కుటుంబముల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు, కవిసమ్మేళనమునకును పిల్లల నాటికకును నడుమ కొంత ఖాళీ యున్నదనియు, దానిని నింపుటకు ఒక వైద్యుడు చాలుననియు చెప్పిరి. నేను పద్యము చదువజాలను. ముప్పది యేండ్లు ప్రభుత్వ వైద్యుడుగా పనిచేసి విరమించినవాడను. అందుచేత నాకు తెలిసిన విషయమునే ఎన్నుకొంటిని. గుండె తలుపులకు జబ్బు చేసినప్పుడును, ఆ జబ్బునకు శస్త్రచికిత్స జరిగినప్పుడును, గుండెకే రక్తము నందించు నాళములు ఏమగునన్నది నేటి విషయము. దీని నెన్నుకొనుటకు నాకు స్వంత కారణ మొకటి యున్నది. దానిని తరువాత చెప్పెదను.

మన ఇండ్లలో ఈ రెండు జబ్బులకును వేరువేరు పేర్లున్నవి. ఒకటి “వాల్వు జబ్బు”. రెండవది “బ్లాకులు”. వాల్వు జబ్బు చిన్నతనమున కీళ్లనొప్పులతో జ్వరము వచ్చినవారికి వచ్చుననియు, బ్లాకులు చక్కెరవ్యాధి, రక్తపుపోటు, పొగత్రాగుడు గలవారికి వచ్చుననియు అందరును చెప్పుదురు. అది తప్పు కాదు. కాని ఒక శాఖలోని దస్త్రము మరియొక శాఖ గడప దాటనట్లు ఈ రెండును ఒకదానితో నొకటి సంబంధము లేనివని తలచుట మాత్రము తప్పు. గుండెలో ఈ రెండు శాఖలకును గోడ యొక్కటే. సరిగా చెప్పవలెనన్న గోడయే లేదు.

సభలో గోదావరి ప్రాంతమువారు చాలమంది యున్నారు. వారికి ధవళేశ్వరము ఆనకట్ట సంగతి నేను చెప్పనక్కరలేదు. కాటను దొరగారి ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. నేడు దాని పని బ్యారేజి చేయుచున్నది. ఆనకట్ట యొక్క పని నీటిని ఆపుట మాత్రమే కాదు. నీటిని ఒక మట్టమునకు నిలిపి, ప్రక్కనున్న కాలువల తూములలోనికి ఎక్కించుట. మట్టము నిలిచినచో కాలువలు పారును, చేలు పండును. ఆనకట్టకు గండి పడినచో నదిలో ఎంత నీరు వచ్చినను కాలువలకు ఎక్కదు.

గుండెలో ఎడమ జఠరిక నుండి శరీరమంతటికిని రక్తము పోవు పెద్ద నాళమునకు బృహద్ధమని అని పేరు. దాని మొదటనే మూడు రేకులుగల కవాటమున్నది. ప్రతి రేకు వెనుకను ఒక చిన్న సంచివంటి ఉబ్బు ఉన్నది. ఈ సంచులకు ఇటలీ దేశీయుడైన వల్సాల్వా అను శరీరశాస్త్రవేత్త పేరు పెట్టిరి; అతడు 1666 మొదలు 1723 వరకు జీవించినవాడు. అంతకు పూర్వమే, పదునారవ శతాబ్ది ఆరంభమున, లియొనార్డో డావించి ఈ సంచులలో రక్తము సుడులు తిరుగునని ఊహించి బొమ్మలు గీసియుండెను. మూడు సంచులలో రెండింటినుండి రెండు నాళములు బయలుదేరును. ఒకటి ఎడమ హృద్ధమని, రెండవది కుడి హృద్ధమని. ఇవియే కరోనరీ నాళములు. అనగా గుండె కాలువల తూములు కవాటమునకు వ్రేలెడు దూరమున కూడ లేవు. సాధారణముగా ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తున నున్నవి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నచో నేటి ప్రసంగములో సగము గుర్తున్నట్లే.

గుండె లోపల ఎప్పుడును రక్తము నిండియే యున్నది గదా, దానికి వేరుగా కాలువ లెందులకని పిల్లలు అడుగవచ్చును. పెండ్లిలో వేయిమందికి వడ్డించు వంటవాడు తన విస్తరి వచ్చువరకు ఆకలితో నున్నట్లే గుండె స్థితియును. లోపలి గదిలోని రక్తము దాని మందమైన గోడకు అందదు. శరీరమంతటికిని నిమిషమునకు సుమారు ఐదు లీటర్ల రక్తము పంపుచు, అందులో ఇరువదవ వంతును, అనగా పావులీటరును, తాను కరోనరీ నాళముల ద్వారా తీసికొనును. అదియును తన్ను తాను పిండుకొనుచున్నప్పుడు కాదు. గుండె ముడుచుకొన్నప్పుడు దాని గోడలోని నాళములు కూడ నలిగిపోవును. ఎడమ జఠరిక గోడకు రక్తము ముఖ్యముగా అది విశ్రమించునప్పుడే చేరును. నిమిషమునకు 72 సార్లు కొట్టుకొను గుండెకు ఒక్కొక్క దెబ్బకు 0.8 సెకను. అందు సుమారు 0.3 ముడుచుకొనుటకు, 0.5 విశ్రమించుటకు. ఆ అరసెకనులోనే దాని భోజనము. ఆ అరసెకనులో బృహద్ధమని కవాటము గట్టిగా మూసికొనియుండి, పైన రక్తపు మట్టము నిలిచియుండవలెను. ఆనకట్ట ప్రసక్తి ఇందులకే తెచ్చితిని.

ఇంకొక చిక్కు ఉన్నది. శరీరములోని తక్కిన భాగములు తమవద్దకు వచ్చిన ప్రాణవాయువులో సుమారు నాలుగవ వంతు మాత్రము వాడుకొని తక్కినది తిప్పి పంపును. గుండె కండరము విశ్రాంతిలోనే నూటికి డెబ్బది వంతులు పీల్చివేయును. కావున పని హెచ్చినప్పుడు ప్రవాహము హెచ్చవలసినదే కాని వేరు నిల్వ లేదు. ఈ కండరమునకు శక్తినిచ్చు ఏటీపీ అను పదార్థమును 1929లో ఫిస్కేతో కలిసి కండరము నుండి వేరుచేసినవారు మన భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ప్రసంగమునకు ఇది అత్యవసరము కాదు గాని, తెలుగువారి సభలో ఆ పేరు తలపకుండుటకు మనసొప్పలేదు.

ఇక కవాటమునకు జబ్బు చేసినప్పుడు ఏమగును?

మొదట, బృహద్ధమని కవాటము బిగిసి సన్నబడుట. ఆరోగ్యవంతునకు ఈ ద్వారము మూడు నాలుగు చదరపు సెంటీమీటర్లు తెరచుకొనును. జబ్బు ముదిరినచో ఒక చదరపు సెంటీమీటరునకు తగ్గును. అంత ఇరుకు సందులో రక్తమును త్రోయుటకు జఠరిక మిక్కిలి శ్రమపడును. చేతికి పట్టీ కట్టి చూచిన పోటు 120 ఉన్నను, జఠరిక లోపల 180, 200 ఉండవచ్చును. ఈ శ్రమచేత గోడ మందమగును. మందమైన గోడకు ఎక్కువ రక్తము కావలెను. కాని నాళములు ఆ కొలతను పెరుగవు. పైగా లోపలి ఒత్తిడి గోడ లోపొరను నొక్కుచుండును. రక్తమును బయటికి పంపుటకు ఎక్కువ కాలము పట్టుటచేత విశ్రాంతి కాలము కురుచయగును. పని హెచ్చెను, వేతనము తగ్గెను, భోజన విరామమును కోసిరి. గుమాస్తా ఎన్నాళ్లు ఓర్చును? అందుచేత ఇట్టి రోగికి, కరోనరీ నాళములలో చిన్న అడ్డంకి కూడ లేకపోయినను, మెట్లెక్కునప్పుడు రొమ్ములో బిగింపు వచ్చును. 1968లో రాస్, బ్రౌన్‌వాల్డ్ అను అమెరికా వైద్యులు ఈ వ్యాధి గమనమును వివరించుచు, శస్త్రచికిత్స లేనిచో రొమ్మునొప్పి మొదలైనవారు సగటున ఐదేండ్లు, స్పృహ తప్పుట మొదలైనవారు మూడేండ్లు, గుండె నీరసించి ఆయాసము వచ్చినవారు రెండేండ్లు మాత్రమే బ్రతుకుదురని లెక్క చూపిరి. ఆ లెక్కను నేటికిని వైద్యవిద్యార్థులు వల్లెవేయుదురు. ఇట్టివారు నొప్పి వచ్చినదని ఎవరో ఇచ్చిన నాలుక క్రింది మాత్రను తమంతట తాము వేసికొనరాదు. పోటు హఠాత్తుగా పడి స్పృహ తప్పవచ్చును.

రెండవది, అదే కవాటము సరిగా మూతపడక రక్తము వెనుకకు జారుట. ఇది ఆనకట్టకు గండి. రోగి రక్తపుపోటు 160కి 50 అని వ్రాసియుండును. పై అంకె చూచి అందరును భయపడుదురు. భయపడవలసినది క్రింది అంకెను చూచి. గుండె విశ్రమించునప్పుడు కాలువలలోనికి రక్తము నెక్కించు మట్టము అదియే. కొందరికి రొమ్మునొప్పి పగలు పనిలో గాక రాత్రి నిద్రలో వచ్చును. నిద్రలో నాడి నెమ్మదించును. నెమ్మదించినకొలది విశ్రాంతి కాలము పెరిగి, జారిపోవు రక్తమును పెరుగును.

ద్విపత్ర కవాటము, అనగా మైట్రల్ కవాటము, ఎడమ కర్ణికకును జఠరికకును నడుమ ఉన్నది. మన దేశములో రుమాటిక్ జ్వరము ఎక్కువగా పాడుచేయునది దీనినే. ఇది కాలువల తూములకు దూరముగా నుండుటచే కరోనరీ నాళములకు నేరుగా హాని తక్కువ. కాని ద్వారము సన్నబడి కర్ణిక ఉబ్బి, నాడి గతి తప్పినప్పుడు కర్ణికలో రక్తము గడ్డకట్టును. ఆ గడ్డ విడివడినచో ఎక్కువగా మెదడునకు పోయి పక్షవాతము తెచ్చును. అరుదుగా కరోనరీ నాళములోనికి దూరి, కొవ్వు ఎరుగని ముప్పదియేండ్ల యువతికి కూడ గుండెపోటు తెచ్చును. కవాటముపై క్రిములు చేరి పెరుగు జ్వరములోను ఇట్టి ముక్కలు విడివడవచ్చును. గొంతునొప్పికి సకాలమున పెన్సిలిన్ ఇచ్చినచో ఈ కథ చాలవరకు మొదలే కాదు. ఒకసారి రుమాటిక్ జ్వరము వచ్చిన పిల్లలకు మూడు వారములకొకసారి పెన్సిలిన్ సూది ఏండ్ల తరబడి వేయించవలెను. పిల్లవాడు ఆడుకొనుచున్నాడు గదా అని నడుమ మానిపించిన తల్లిదండ్రులను నేను చాలమందిని చూచితిని.

వయసు మీరినవారి సంగతి వేరు. వారి కవాటములపై సున్నము పేరుకొనును. దానికిని కరోనరీ నాళములలోని పూడికకును దాయాది సంబంధమున్నది. వయసు, కొలెస్టరాలు, పోటు, చక్కెర, పొగ రెండింటికిని ఉమ్మడి కారణములు. వృద్ధులలో కవాటము బాగుగా బిగిసినవారిని పరీక్షించినచో సుమారు సగము మందికి కరోనరీ నాళములలో కూడ అడ్డంకులు కనబడును. అందుచేతనే నలువది దాటిన పురుషులకును, ముట్లుడిగిన స్త్రీలకును కవాట శస్త్రచికిత్సకు ముందు కరోనరీ నాళములను చిత్రము తీసి చూచు ఆచారమున్నది. అపాయము తక్కువ యున్నవారికి సీటీ యంత్రముతోనే చూచుటయు కలదు. అడ్డంకులున్నచో, రొమ్ము ఒకసారి తెరచినప్పుడే కవాటమును మార్చి, కాలినుండి గాని రొమ్ములోపలినుండి గాని నాళము తీసి బైపాస్ కూడ చేయుదురు.

ఈ చిత్రము తీయు విద్య ఎట్లు పుట్టినదో చెప్పకుండ ముందునకు పోలేను. అదియును కవాట రోగి వలననే పుట్టినది. 1958 అక్టోబరు 30వ తేదీన అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అను వైద్యుడు, రుమాటిక్ కవాట వ్యాధిగల ఇరువదియారేండ్ల యువకునకు బృహద్ధమని చిత్రము తీయుచుండెను. రంగుమందును బృహద్ధమనిలోనికి వదలవలెనని ఉద్దేశము. సన్నని గొట్టము కొస జారి కుడి కరోనరీ నాళములో దూరెను. అది గమనించులోపలనే సుమారు 30 మిల్లీలీటర్ల మందు ఆ చిన్న నాళములోనికి పోయెను. ప్రాణవాయువు లేని ద్రవము నాళము నిండ నిండినచో గుండె ఆగిపోవునని ఆనాటి వైద్యుల నమ్మకము. సోన్స్ రొమ్ము కోసి గుండెను చేతితో పిసుకుటకు కత్తికై పరుగెత్తెను. నిజముగనే గుండె కొన్ని సెకనులు ఆగినది. రోగికి స్పృహ యున్నది. దగ్గుమని చెప్పగా దగ్గెను. గుండె మరల కొట్టుకొనసాగెను. ఆ రాత్రి సోన్స్ ఏమి ఆలోచించెనో గాని, తక్కువ మోతాదులో కావలెనని మందును ఎక్కించి కరోనరీ నాళములను చూడవచ్చునని లోకమునకు తెలిసినది. తొమ్మిదేండ్లకు, 1967లో, అదే ఆసుపత్రిలో ఫావలోరో అను అర్జెంటీనా శస్త్రవైద్యుడు కాలి సిరతో బైపాస్ చేయు పద్ధతిని నెలకొల్పెను. కవాటపు గదిలో తప్పిన గొట్టము బ్లాకుల గదికి తలుపు తీసినది.

ఇక శస్త్రచికిత్స. ఈ రంగములో మొదటి ప్రయత్నములే మన ఆనకట్ట మాటను నిరూపించును. 1952లో వాషింగ్టన్‌లో హఫ్నగెల్ అను వైద్యుడు ప్లాస్టిక్ పంజరములో బంతి గల కవాటమును అమర్చెను. గుండెను ఆపి తెరచు సాధనము అప్పటికి లేదు గనుక దానిని బృహద్ధమని మొదట గాక, రొమ్ములో క్రిందికి దిగు భాగములో పెట్టెను. నడుము క్రింది రక్తము వెనుకకు జారుట ఆగినది. తలకును గుండె కాలువలకును పోవు రక్తము మాత్రము వెనుకటివలెనే జారుచుండెను. ఆనకట్టకు గండి పడగా క్రింది పొలములో గట్టు వేసినట్లు! 1953లో గిబ్బన్ గుండె-ఊపిరితిత్తుల యంత్రమును జయప్రదముగా వాడిన తరువాత గుండెను ఆపి, తెరచి, కవాటమును దాని స్వస్థానములోనే మార్చుటకు దారి ఏర్పడెను. 1960లో స్టార్, ఎడ్వర్డ్స్ అనువారి బంతి కవాటము వచ్చెను. మన దేశములో తిరువనంతపురమునందలి శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థవారు తయారుచేసిన కవాటమును 1990లో మొదటిసారి రోగికి అమర్చిరి.

గుండెను ఆపుట తేలిక. ఆపినంతసేపు దానిని బ్రతికించుట కష్టము. అందులకై పొటాసియము కలిపిన చల్లని ద్రవమును కరోనరీ నాళముల గుండ ఎక్కించి, సుమారు ఇరువది నిమిషములకొకసారి మరల ఎక్కింతురు. కవాటము మూసికొనునదైనచో బృహద్ధమని మొదట ద్రవము వదలిన చాలు; అది తూములలోనికి తానే పోవును. కవాటము కారునదైనచో ద్రవము జఠరికలోనికి జారిపోవును. అప్పుడు బృహద్ధమనిని కోసి, ఎడమ తూములోను కుడి తూములోను సన్నని గొట్టపు మూతి నుంచి నేరుగా ఎక్కింపవలెను. లేదా వెనుక వైపు సిరల మార్గమున ఎదురు పంపవలెను. ఈ గొట్టపు మూతి తూము అంచును ఒరసికొన్నచో లోపొర గాయపడవచ్చును. గాయము మానుచు దళసరియై, కొన్ని వారములకు, కొన్ని నెలలకు తూము మూతి మూసికొనిపోవచ్చును. కొత్త కవాటము ప్రక్కన రక్తము సుడి తిరుగుటయు దీనికి తోడగునని కొందరందురు. నూటికి ఒకరికో, హెచ్చుగా ఐదుగురికో ఇట్లగునని వైద్యగ్రంథములు చెప్పును. చాలవరకు మొదటి ఆరు నెలలలోనే.

ఇప్పుడు నా స్వంత కారణము.

2011లో మా బావగారికి బృహద్ధమని కవాటము మార్చిరి. కోనసీమలో చిన్ననాడు వచ్చిన కీళ్లజ్వరము మిగిల్చిన జబ్బు అది. కవాటము కారుచుండెను. శస్త్రచికిత్సకు ముందు తీసిన చిత్రములో కరోనరీ నాళములు నిర్మలముగా నున్నవి. ఆ కాగితమును నేనే చదివి అక్కయ్యకు ధైర్యము చెప్పితిని. లోహ కవాటము అమర్చిరి, పదవనాడు ఇంటికి పంపిరి. అంతయు బాగుగనే యున్నది.

మూడు నెలలు గడచినవి. బావగారు నాతో టెలిఫోనులో, “ఏమోయ్ డాక్టరూ, మెట్లెక్కుతుంటే ఇక్కడ బిగబట్టినట్టుంది. దవడ దాకా లాగుతోంది” అనిరి. నేను, “రొమ్ము ఎముక కోసి తీగలతో కుట్టారు బావగారూ. ఆరు నెలలదాకా నొప్పులు తప్పవు” అంటిని. వారము తరువాత మరల చెప్పిరి. కడుపులో మంటకు మాత్రలు వ్రాసితిని. ఆసుపత్రిలో చూపించిరి, అచ్చటి చిన్న డాక్టరును అదే చెప్పెను. కరోనరీ నాళములు శుభ్రముగా నున్నవని కాగితమున్నది గదా! ఆ కాగితము మా అందరి కండ్లకును గంతలు కట్టినది. అది శస్త్రచికిత్సకు ముందటి కాగితమన్న మాట ఎవరికిని తోచలేదు. ముప్పది యేండ్లు ఈ పని చేసినవాడను, నాకును తోచలేదు.

తోచినది అక్కయ్యకు. ఆమె చదివినది ఎనిమిదవ తరగతి. ఒకనాటి సాయంకాలము ఫోను చేసి, “తమ్ముడూ, ఈయన ఎన్నడూ లేనిది మెట్ల మధ్య ఆగి కింది వాటావాళ్లతో కబుర్లు పెట్టుకుంటున్నారు. కూరల సంచి గోడకి ఆనించి నిలబడుతున్నారు. ఆ మనిషితో ఈయనకి ఇరవై ఏళ్లుగా మాటలే లేవు” అనెను. వారిది ప్రభుత్వ క్వార్టర్లలో రెండవ అంతస్తు. ఆ మాటతో నాకు మెలకువ వచ్చినట్లయ్యెను. మరునాడే తీసికొనిపోయి చిత్రము తీయించితిమి. ఎడమ కరోనరీ నాళము మూతివద్ద దారపు పోగంత సందు మాత్రమే మిగిలియున్నది. ఆ ఒక్క మూతినుండియే గుండె ఎడమ భాగమున కంతటికిని రక్తము పోవలెను. అది పూర్తిగా మూసికొన్నచో ఆసుపత్రికి చేరు వ్యవధి కూడ ఉండదు. వెంటనే రొమ్ము రెండవసారి తెరచి రెండు బైపాసులు వేసిరి. మొదటి శస్త్రవైద్యుని నేను నిందింపను. గొట్టము పెట్టక తప్పని స్థితి అది. నేను నిందించుకొనునది ఆ మూడు వారములను.

కాబట్టి నేటి సభలో నేను గట్టిగా చెప్పదలచిన మాట యిది. కవాట శస్త్రచికిత్సకు ముందు కరోనరీ నాళములు బాగున్నవన్న కాగితము, శస్త్రచికిత్స తరువాత వచ్చిన నొప్పికి సమాధానము కాదు. కుట్టు నొప్పి కదలినప్పుడు, దగ్గినప్పుడు, ఒత్తినప్పుడు వచ్చును; దినదినమును తగ్గును. గుండె నొప్పి శ్రమతో వచ్చును, ఆగినచో తగ్గును, దవడకో చేతికో ప్రాకవచ్చును, దినదినమును తక్కువ శ్రమకే రావచ్చును. కొందరికి నొప్పియే యుండదు, ఆయాసము మాత్రమే. ఈ తేడాను రోగి దాచినను ఇంటివారు చూడగలరు.

తక్కిన ప్రమాదములను త్వరగా చెప్పెదను. మైట్రల్ కవాటము చుట్టును పోవు ఎడమ కరోనరీ శాఖ యొకటి కవాటపు అంచునకు కొన్ని మిల్లీమీటర్ల దూరముననే నడచును. కుట్టు కొంచెము లోతుగా పడినచో ఆ నాళము మెలిపడుటయో మూసికొనుటయో జరుగును. ఇది అరుదు, జరిగినచో శస్త్రచికిత్స బల్లపైననో ఆ రాత్రియో ఈసీజీలో తెలియును. కుడి వైపు త్రిపత్ర కవాటమును బిగించునప్పుడు కుడి నాళమునకు ఇట్టి భయమే. గుండెలో మిగిలిన గాలిబుడగలు కుడి కరోనరీ నాళములోనికి పోవుట మరియొకటి. రోగి వెల్లకిల పండుకొన్నప్పుడు ఆ నాళపు మూతి పైవైపున నుండును. బుడగలు పైకే పోవును గదా. బృహద్ధమని మొదలు కూడ ఉబ్బియున్నచో కవాటముతో పాటు దానినంతటిని మార్చి, కరోనరీ మూతులను బొత్తాములవలె కత్తిరించి కొత్త గొట్టమునకు కుట్టవలెను. బెంటాల్, డి బోనో అనువారు 1968లో ప్రకటించిన పద్ధతికి ఇది సవరించిన రూపము. ఆ కుట్లవద్ద మెలికగాని బిగువుగాని పడకుండ చూచుట అందలి నేర్పంతయు.

రొమ్ము కోయకుండ తొడ నాళము ద్వారా కవాటమును పంపు పద్ధతి వచ్చినదని మీరు వినియుందురు. 2002 ఏప్రిలులో ఫ్రాన్సు దేశమున రూఆన్ నగరములో అలైన్ క్రిబియే దీనిని మొదట చేసెను. ఇందు పాత కవాటమును తీసివేయరు. కొత్తదాని చట్రముతో గోడకు అదిమి వేయుదురు. అదిమిన పాత రేకు కరోనరీ మూతిమీద తలుపువలె పడినచో ప్రాణాపాయము. నూటికి ఒకరికన్న తక్కువమందికే ఇట్లగును. దేహము చిన్నదిగా నుండు స్త్రీలకును, పూర్వము అమర్చిన కవాటములోనే మరొకటి అమర్చినవారికిని ఎక్కువ. అందుచేతనే ముందుగా సీటీ తీసి, మూతి ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నదో కొలుతురు. పది పండ్రెండునకు తగ్గినచో ఆలోచింతురు. మరియొక చిక్కేమన, ఈ చట్రము తూముల కడ్డముగా నిలిచినచో ముందు ముందు స్టెంటు వేయవలసివచ్చినప్పుడు దాని కన్నములగుండ గొట్టము దూర్చుట కష్టమగును. డెబ్బది దాటినవానికి ఇది పెద్ద బాధ కాకపోవచ్చును. ఏబది యేండ్లవాడు మాత్రము కోత లేదన్న ఒక్క సంతోషముతో తొందరపడక, ఈ ప్రశ్నను వైద్యుని అడిగి తీరవలెను.

ఇంతయు విని కవాట శస్త్రచికిత్స అనగానే భయపడవద్దు. భయపెట్టుటకు నేను రాలేదు. బిగిసిన కవాటమును మార్చినంతనే జఠరికపై బరువు దిగును. నెలలు గడచినకొలది మందమైన గోడ కొంత పలుచనగును, కాలువలకు మరల మిగులు చేకూరును. శస్త్రచికిత్స వాయిదా వేయుటవలన పోయిన ప్రాణములు, చేయుటవలన పోయినవానికన్న మిక్కిలి హెచ్చు. లోహ కవాటము గలవారు రక్తము గడ్డకట్టకుండు మాత్రను ఒక్కనాడును మానరాదు. ఐఎన్ఆర్ పరీక్ష తప్పరాదు. కవాటముపై కట్టిన గడ్డ మెదడునకే కాక కరోనరీ నాళమునకును పోగలదు. ఆకుకూరలు తినవచ్చునా అని ప్రతి ఇల్లాలును అడుగును. తినవచ్చును, ఒకవారము ఏమియు తినక, మరువారము ఊరినుండి గోంగూర వచ్చినదని మూడు పూటలు తినుట మాత్రము కూడదు. కొలత ఒకటిగా నుండవలెను. మా బావగారికి ఈ నియమము మింగుడు పడుట లేదు. ఊరగాయ జాడీని అక్కయ్య పైఅరలో దాచినది.

ఆయన ఈ సభలోనే, మూడవ వరుసలో, కూర్చున్నారు. డెబ్బది దాటినవి. సభాభవనము మెట్లు నడుమ ఆగకుండ ఎక్కిరని అక్కయ్య ఇప్పుడే నాకు చెప్పినది.

నాటిక వేయు పిల్లలు రంగులు పూసికొని ఎదురుచూచుచున్నారు. నేనింక వారి కడ్డము నిలువరాదు. మీలో ఎవరి ఇండ్లలోనైన కవాటపు చికిత్స జరిగినవారుండి కాగితములు తెచ్చియున్నచో, నాటిక తరువాత ప్రక్కగదిలో నేను కూర్చుండెదను. పాతవి, కొత్తవి అన్నియు తీసికొనిరండు, తేదీలు సరిచూచెదము.